ఏడు కూతల అలసందలు

కమ్మనహళ్లిలో, బేకరీ పైన, మొదటి అంతస్తు.
సగం మెట్ల మీద ఆగిపోయి జేజి
"వండేది మనమేనంట, దుడ్లిచ్చేదీ మనమేనంట" అని
గోడకు చెప్పింది.

అక్కకు జీతం పెరిగింది, అందుకని వచ్చాం.
ఆరుగురికి నాలుగు రాళ్లు,
చెక్కపలకల మీద నల్లగా, నున్నగా,
పొయ్యిలోంచి అప్పుడే లేచొచ్చినవి.
"నాలుగొందల డిగ్రీలు సార్, పాప జాగ్రత్త"
మణిపూర్ అబ్బాయి, వచ్చీరాని కన్నడంలో.

నాన్న రాతి మీద జానెడెత్తున అరచెయ్యి ఆపి
కళ్లు మూసుకున్నాడు.
"మూడొందలు. దాటితే నన్నడుగు."
పీణ్యాలో ఇరవయ్యారేళ్లు కొలిమి ముందు నిలబడ్డ మనిషి.
దానిమ్మగింజ ఎరుపా, మోదుగుపువ్వా,
ఇనుము రంగు చూసి వేడి చెప్పేవాడు.
ఇంట్లో స్టవ్వు మాత్రం
ఎటు తిప్పితే వెలుగుతుందో తెలీదు.

అమ్మ మెనూ కార్డు తిరగేసి మరగేసి చూసింది.
టెండర్‌లాయిన్ ఉంది, రంప్ ఉంది, టీ-బోన్ ఉంది,
ఏ జంతువో ఎక్కడా లేదు.
నాకు నవ్వొచ్చింది.
మా ఇంట్లో కూడా దానికి పేరుండేది కాదు.
"పెద్దది తెచ్చినా" అనేవాడు నాన్న గడపలో,
గొంతు చెప్పులతో పాటు బయట విడిచి.

దాసరహళ్లిలో అద్దెకున్నప్పుడు
గుడి నుంచి రాగానే, బైబిలు ఇంకా చంకలోనే,
అమ్మ ముందు కిటికీ మూసేది.
కుక్కరు ఏడు కూతలు.
ఒక్కో కూతకీ అక్క రేడియో చెవి మెలిపెట్టేది.
"ఏం వండినావు సువార్తా?" పైనుంచి ఓనరమ్మ.
"అలసందలమ్మా."
ప్రతి ఆదివారం అలసందలే.
ఏడు కూతల అలసందలు!
ఇల్లు ఖాళీ చేసిన రోజు
ఓనరమ్మ అరకిలో అలసందలు పొట్లం కట్టిచ్చింది.
అది ప్రేమో, మరేమో
ఇప్పటికీ తేల్చుకోలేకపోయాం.

రాయి సుయ్యంది.
పొగ లేచింది, లేవగానే అమ్మా లేచింది,
చెయ్యి చాచి కిటికీ రెక్క పట్టుకుంది.
"చలిగా ఉందా ఆంటీ?"
"అవును బాబూ." ఏప్రిల్ నెల.
నాన్న తలెత్తకుండా అన్నాడు:
"తెరిచే ఉండనీ. పొగ పోవాల."

"ఇనుమైనా ఇదైనా ఒక్కసారే తిప్పాల" అంటూ
ఆయన తిప్పి, కోసి,
మొదటి ముక్క అమ్మ ప్లేటులో వేశాడు.
అమ్మ నమిలింది.
"ఉప్పు చాల్లేదు" అంది,
నలభయ్యేళ్లుగా ఆ మాట కోసమే కాచుకున్నట్టు.
జేజి బొడ్లో తిత్తి తీసి
ఎర్రకారం పొట్లం విప్పింది,
మణిపూర్ అబ్బాయి చూడనట్టే పక్క టేబుల్ తుడిచాడు.

అప్పుడడిగింది కెజియా, బడిలో పద్యం చెప్పేంత గట్టిగా:
"ఇది ఏ జంతువు?"
పక్క టేబుళ్లలో ఫోర్కులు ఆగాయో లేదో,
నాకు మాత్రం ఆగినట్టే వినపడింది.
అమ్మ కిటికీ వైపు చూసి
"అలసందలు" అంది.

ముందు నాన్న నవ్వాడు, తర్వాత అక్క,
తర్వాత అమ్మకే పొలమారింది.
కెజియా నవ్వలేదు. "నిజంగా అడుగుతున్నా."

"ఎనుము" అంది జేజి.
"పెద్దది కాదు, చిన్నది కాదు, ఎనుము.
మీ ముత్తాత దాన్ని మేపినాడు, కడిగినాడు,
అది చస్తే తోలు తీసినాడు,
ఊరందరికీ చెప్పులు కుట్టినాడు.
ఆకలైతే తిన్నాడు.
నీ ముక్క మాడతాంది చూసుకో."

కెజియా చూసుకుంది. నిజంగానే మాడుతోంది.

కాసేపటికి నాన్న గ్లాసులో వేలు ముంచి
రాతి మీద ఒక చుక్క విదిల్చాడు.
సుయ్యనలేదు.
"నూరు కూడా లేదు" అని
ఆ అబ్బాయిని పిలిచి ఇంకో రాయి అడిగాడు.
మెనూలో వేలుపెట్టి చూపించకుండా,
జేజి చెప్పిన మాటతోనే
ఇంకో ముక్క కూడా.

వాడికి తెలుగు రాదు.
అయినా తెచ్చాడు.